రెండో బ్రేకు

ఆమె కారుకు బ్రేకులు రెండు. ఒకటి నేర్చుకునేవాళ్ల కాలి కింద, రెండోది ఆమె కాలి కింద. డ్రైవింగ్ నేర్పే కార్లన్నీ అలాగే ఉంటాయి. కానీ ఆ రెండో బ్రేకు మీద ఆమె కాలు ఉన్నంత గట్టిగా మరెవరి కాలూ ఉండదని ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లు చెప్పుకునేవారు. ఎదురుగా ఉంటే మేడం, చాటుకు వెళ్తే బ్రేకు మేడం. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తన పక్కన కూర్చుని బండి నడిపినవాళ్లెవరూ ఇంతవరకూ దేన్నీ గుద్దలేదు. అలాంటప్పుడు వెనకాల ఏ పేరు పెట్టుకుంటేనేం అనుకునేది.

కారు దిగాక కూడా ఆ కాలు ఊరుకునేది కాదు. బస్సెక్కితే నేలను నొక్కేది. సినిమాలో ఎవరైనా మేడ అంచుకు వెళ్తే నొక్కేది. అక్క సూదిలోకి దారం ఎక్కించబోతుంటే బల్ల కింద నొక్కేది. అక్క కనిపెట్టి, "నీ కాలికి సెలవులుండవటే?" అనేది.

అక్కాచెల్లెళ్లిద్దరూ ఉండేది మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. పోయిన చలికాలంలో అక్క స్నానాల గదిలో జారిపడింది. తుంటి ఎముక అతుక్కుంది గానీ దానికీ మెట్లకూ పొసగలేదు. ఆనాటి నుంచి అక్క కిందికి దిగలేదు. మొదట్లో కిటికీ దగ్గర కూర్చుని దారిన పోయేవాళ్లందరికీ పేర్లు పెట్టేది. రొట్టెల దుకాణం వాడికి పిండిబొమ్మ, ఎదురింటాయనకు పరుగులయ్య. కొన్నాళ్లకు ఆ పేర్లు మానేసింది. ఒకరోజు చెల్లెలు ఇంటికి వచ్చేసరికి కుర్చీ గోడవైపు తిరిగి ఉంది.

"ఇదేంటక్కా, ఇటు కూర్చున్నావు?"

"ఎండ కళ్లల్లో పడుతోంది."

బయట మబ్బు పట్టి ఉంది. చెల్లెలు చేతిలోని సంచి బల్ల మీద పెట్టి, అక్క వెనకే నిలబడి, ఆ గోడనే కాసేపు చూసింది. ఆ రాత్రి నిద్రపోయే ముందే అనుకుంది, ఈ ఫ్లాటు అమ్మేసి నేల మీద ఇల్లు కొనాలని. అనుకున్నాక ఆమెకు హాయిగా నిద్ర పట్టింది. చేయాల్సిన పనేదో తేలిపోతే ఆమెకు భయం ఉండదు.

ఇల్లు తొందరగానే దొరికింది. కళ్లజోళ్ల దుకాణం ఆయనది. వీధిలోంచి ఒక సన్నటి సందు, సందు చివర ఇల్లు, గుమ్మానికి ఒకే ఒక్క మెట్టు. ఆమె ఆ మెట్టు ఎక్కి దిగి, ఎక్కి దిగి చూసింది. కళ్లజోళ్లాయన తలుపు దగ్గర నిలబడి, "అమ్మా, ఇల్లు లోపల కూడా ఉంది," అన్నాడు.

ఫ్లాటుకు కూడా బేరం కుదిరింది. కొత్తగా పెళ్లైన జంట. వాళ్లున్న అద్దె ఇల్లు నెలాఖరుకు ఖాళీ చేయాలి. ఆ రోజు దాటితే వేరే చోటు చూసుకుంటామని వాళ్లు మర్యాదగానే చెప్పారు. ఫ్లాటు అమ్మిన సొమ్ముకు బ్యాంకు అప్పు తోడైతేనే ఇల్లు చేతికి వస్తుంది. ఒకటి ఆగిందా, వెనకున్నవన్నీ ఆగుతాయి.

లాయరు ఆఫీసు ఇస్త్రీ దుకాణం మీది గదిలో ఉంది. కింది ఆవిరికి గచ్చు ఎప్పుడూ గోరువెచ్చగా ఉండేది. లాయరమ్మ వయసు చిన్నది. ఏదైనా అడిగితే ముందు కిటికీలోంచి చూసేది, తర్వాత గ్లాసులో నీళ్లు తాగేది, ఆ తర్వాతే జవాబు చెప్పేది. ఆ గుక్క గొంతు దిగేదాకా బ్రేకు మేడం కాలు వెచ్చటి గచ్చును నొక్కుతూనే ఉండేది.

"ఇల్లు బాగుంది మేడం," అంది లాయరమ్మ, కాగితాలన్నీ చదివాక. "కాగితాల్లో సందు లేదు."

"కళ్లెదురుగా ఉంటే లేదంటావేంటమ్మా? నేను నడిచొచ్చాను కదా!"

"సందు ఉంది. అది ముందింటి పళ్ల డాక్టరు గారి స్థలం. కళ్లజోళ్లాయన ఇన్నేళ్లూ నడిచారు, ఎవరూ అడగలేదు. కానీ దారి లేని ఇంటి మీద బ్యాంకు అప్పివ్వదు. డాక్టరు గారు దారి హక్కు రాసిస్తే ఇస్తుంది. ఆయనతో నేను మాట్లాడతాను. ఆయన సరేనన్నాక ప్రశ్నా జవాబూ కలిపి ఒకే కవరులో బ్యాంకుకు పంపుతాను. అందాకా మీరు దీని గురించి ఎవరితోనూ మాట్లాడొద్దు."

"ఎవరితోనూ అంటే?"

"నాతో తప్ప."

ఆమె సరేనంది. మనస్ఫూర్తిగానే అంది. మాట నిలబెట్టుకునే మనిషే. కానీ ఒక వారం గడిచింది, లాయరమ్మ నుంచి కబురు లేదు. ఫోన్ చేస్తే, "జరుగుతోంది మేడం," అంటుంది. జరుగుతోంది అన్న మాట ఆమెకు నచ్చదు. కారు జారుతున్నా జరుగుతున్నట్టే ఉంటుంది. ఆమె కాలుగాలిన పిల్లిలా రెండు గదుల మధ్య తిరిగింది. అక్క గోడవైపే చూస్తూ కూర్చుంది.

దూరంగా మలుపు కనిపిస్తే ముందే కాలు ఆనించడం ఆమెకు వృత్తి నేర్పిన విద్య. మర్నాడు పొద్దున్నే ఆమె బ్యాంకు లోను ఆఫీసరుకు ఫోన్ చేసింది. ధైర్యం చెబుదామనే చేసింది.

"అయ్యా, ఆ దారి సంగతి మీరేం కంగారు పడకండి. మా లాయరమ్మ చూసుకుంటోంది."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు.

"ఏ దారండీ?" అన్నాడు లోను ఆఫీసరు.

ఆమె నాలుక కరచుకుంది. అప్పటికే ఆలస్యమైంది. సాయంత్రానికల్లా బ్యాంకు నుంచి కబురొచ్చింది. దారి తేలేదాకా అప్పు ఆపుతున్నాం అని.

లాయరమ్మ కోప్పడితే బాగుండేది. కోపానికి బదులు చెప్పడం ఆమెకు వచ్చు. కానీ లాయరమ్మ కిటికీలోంచి చూసింది, నీళ్లు తాగింది.

"ప్రశ్నా జవాబూ కలిపి పంపుదామనుకున్నాను మేడం. మీరు ప్రశ్న ఒక్కటే పంపారు."

"ఆపదలో పడకుండా చూద్దామని..."

"తెలుసు. డాక్టరు గారు అప్పటికి మెత్తబడుతూ వచ్చారు. బ్యాంకువాళ్లు ఆయనకు కూడా ఫోన్ చేసేసరికి ఇదేదో పెద్ద వ్యవహారం అనుకుని బిగుసుకున్నారు." ఆ పిల్ల గొంతులో దెప్పిపొడుపు లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

మెట్లు దిగుతూ ఆమెకు ఒక పాత శిష్యుడు గుర్తొచ్చాడు. ఎంతకాలం నేర్పినా అతనికి సమయానికి బ్రేకు వేయడం అబ్బలేదు. మందబుద్ధి అనుకునేది అప్పట్లో. ఇప్పుడనిపించింది, పక్కన మరో కాలు కాచుకుని ఉందని తెలిశాక అతని కాలికి పనేముంది? వేయాల్సిన ప్రతిసారీ తనే ముందు వేసింది. అతను నేర్చుకోలేదు సరే, తను అతనికి నేర్పిందా? ఇస్త్రీ దుకాణం ముందు ఆమె ఆగిపోయింది. లోపల ఒకావిడ చొక్కా చేతి మడత మీద పెట్టె నడుపుతోంది. తొందర లేదు, తడబాటు లేదు. బ్రేకు మేడం ఆ చొక్కా పూర్తయ్యేదాకా చూసి, వెనక్కి మళ్లీ మెట్లెక్కింది.

"ఇప్పుడేం చేయమంటావో చెప్పమ్మా. నువ్వు చెప్పింది చేస్తాను. అంతకంటే ఒక్క పిసరు ఎక్కువ చేయను."

లాయరమ్మ మొదటిసారి నీళ్లు తాగకుండానే జవాబు చెప్పింది. "డాక్టరు గారు మిమ్మల్ని చూడాలన్నారు. నాతో రండి. నేను అడిగేదాకా మాట్లాడకండి."

పళ్ల డాక్టరు ఇంటి ముందు గదే ఆయన ఆసుపత్రి. అద్దాల బీరువాలో సుద్దతో పోసిన పళ్లసెట్లు వరసగా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. డాక్టరు ఎదుట లాయరమ్మ, ఆమె పక్కన బ్రేకు మేడం కూర్చున్నారు.

"నడవడానికి నాకేం పేచీ లేదు," అన్నాడు డాక్టరు. "కళ్లజోళ్లాయన నడిచాడు, ఆయన పిల్లలు నడిచారు, వాళ్ల పిల్లి అయితే నా గోడ మీదే నడిచింది. నా బాధంతా ఈవిడ కారు మీది ఆ ఎల్ బోర్డుతో. మొన్ననే గోడకు రంగు వేయించాను. రోజుకో కొత్తవాడొచ్చి నా గోడ మీద డ్రైవింగ్ నేర్చుకుంటాడా?"

ఆమె కాలు నేలను నొక్కింది. నా దగ్గర నేర్చుకున్నవాడెవడూ గోడకు గీత పెట్టలేదయ్యా అనే మాట పళ్లదాకా వచ్చింది. బీరువాలోని పళ్లసెట్లన్నీ ఆమె ఎప్పుడంటుందా అని చూస్తున్నట్టున్నాయి. ఆమె నోరు మెదపలేదు. లాయరమ్మ కిటికీలోంచి చూస్తోంది. ఇక్కడ నీళ్లు కూడా లేవు. ఈ పిల్లకు జవాబు తోచలేదేమో అన్న భయం కడుపులోంచి పైకి లేచింది. లేచిన దాన్ని ఆమె అలాగే లేవనిచ్చింది. దానికి కాలు అడ్డం పెట్టలేదు. అది గొంతుదాకా వచ్చి, ఆమె ఏమీ చేయకపోయేసరికి, తనంతట తానే దిగిపోయింది. అలా దిగిపోతుందని ఆమెకు ఇంతవరకూ తెలియదు.

"నేర్చుకునేవాళ్లు సందు మొదట్లోనే దిగిపోతారు," అంది లాయరమ్మ. "సందులో కారు ఆవిడే నడుపుతారు. అలాగని కాగితంలో రాద్దాం."

"ఆవిడ నడపగా ఎవరు చూశారు? ఎప్పుడూ పక్క సీట్లోనే కదా కూర్చుంటారు! నోరు చూపించమంటే మూసుకునేవాళ్లే నాకు రోజూ తగులుతుంటారు. చూస్తేగానీ నేను నమ్మను."

లాయరమ్మ ఆమె వైపు తిరిగింది. "మేడం, ఇప్పుడు మాట్లాడండి."

"కారు వీధిలోనే ఉంది డాక్టరు గారూ," అందామె సంచిలోంచి తాళాలు తీస్తూ. "సందులోకి ముందుకు రమ్మంటారా, వెనక్కి రమ్మంటారా?"

"వెనక్కి," అన్నాడు డాక్టరు, మత్తు ఇవ్వకుండా పన్ను పీకేవాడి ముఖంతో.

ఆమె చక్రం ముందు కూర్చుంది. లాయరమ్మ వచ్చి పక్క సీట్లో కూర్చుని కిందికి చూసింది.

"ఇదేంటి మేడం, నా వైపు కూడా ఏదో ఉంది?"

"బ్రేకు. నాది."

"ఓహో." లాయరమ్మ చెప్పులు విప్పి, రెండు కాళ్లూ పైకి లాక్కుని సీట్లో మఠం వేసుకుంది. "నాకక్కర్లేదు."

"నీకు కారు నడపడం వచ్చా?"

"రాదు. మీకు వచ్చు కదా."

ఇంత మామూలుగా ఆ మాట ఆమెతో ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఆమె అద్దం సర్దుకుంది. సందు అద్దంలోకి వచ్చి చేరింది. ఒకవైపు కొత్త రంగు గోడ, ఒకవైపు నీళ్ల గొట్టం బయటికి పొడుచుకువచ్చిన పాత గోడ. డాక్టరు తన గోడకు అరచేయి ఆనించి, బిడ్డను కాచుకున్నట్టు కాచుకుని నిలబడ్డాడు. కారు వెనక్కి కదిలింది. పక్కన కాచుకున్న కాలు లేదు, ఆపే చేయి లేదు. ఆ ఖాళీ ఆమెకు ఒంటరితనంలా అనిపించలేదు. ఎవరో తన కోసం తలుపు బార్లా తెరిచిపెట్టినట్టుంది. నీళ్ల గొట్టం దగ్గర చక్రాన్ని పిసరంత తిప్పింది, మళ్లీ సరిచేసింది. గొట్టం అద్దం పక్కనుంచి మెల్లగా జారిపోయింది. కారు కళ్లజోళ్లాయన గుమ్మం ముందు, ఆ ఒక్క మెట్టుకు ఎదురుగా ఆగింది. లాయరమ్మ మఠం విప్పలేదు.

డాక్టరు గోడంతా చూసుకుంటూ వచ్చాడు. చూసుకోవడం అయ్యాక కారు కిటికీలోకి వంగి గొంతు తగ్గించాడు.

"సంతకం రేపు మీ ఆఫీసుకొచ్చి పెడతాను. అది సరే... నా వయసువాడికి నేర్పాలంటే ఎన్నాళ్లు పడుతుంది?"

"నేర్పుతాను డాక్టరు గారూ. కాకపోతే మీరు కూడా సందు మొదట్లోనే దిగాలి."

"నా సందులో నేనా!"

"కాగితంలో అలాగే ఉంటుందండీ," అంది లాయరమ్మ.

ఆ తర్వాత ఆమె ఎవరికీ ఫోన్ చేయలేదు. చేయి ఫోను మీదికి వెళ్లినప్పుడల్లా, మఠం వేసుకుని కూర్చున్న ఆ పిల్ల కళ్ల ముందు మెదిలేది. చేయి వెనక్కి వచ్చేది. కవరు బ్యాంకుకు వెళ్లింది. లోను ఆఫీసరే ఫోన్ చేసి, "దారి దొరికిందండీ," అన్నాడు, తనే వెతికిపెట్టినట్టు. "చాలా సంతోషమండీ," అని ఊరుకుంది ఆమె. నెలాఖరుకు ముందే రెండు రిజిస్ట్రేషన్లూ ఒకే పూట అయిపోయాయి.

ఇల్లు మారే రోజు అక్కను కుర్చీలో కూర్చోబెట్టి దించుతామని కొత్త జంట ముందుకొచ్చింది. అక్క ఒప్పుకోలేదు. "నేను సామానునా? నా కాళ్లతోనే దిగుతాను. ఎంతసేపైతే అంతసేపు." ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో మెట్ల కమ్మీ పట్టుకుని, ప్రతి మలుపులోనూ మెట్టు మీద కూర్చుని ఊపిరి తీసుకుంటూ దిగింది. పైకి వెళ్లాల్సిన అట్టపెట్టెలతో ఆ జంట కిందే నిలబడింది. "నెమ్మదిగా రండి పెద్దమ్మా," అన్నాడు పెళ్లికొడుకు. "అంతకంటే ఎలా వస్తాననుకున్నావురా?" అంది అక్క. చెల్లెలు రెండు మెట్ల కింద నిలబడింది. నాలుగైదుసార్లు చేయి చాచి, చాచిన చేయిని వెనక్కి తీసుకుంది.

సందు మొదట్లో అక్క, "ఇక్కడ ఆపు," అంది.

"గుమ్మందాకా కారు వెళ్తుందక్కా. కాగితం కూడా ఉంది."

"కాగితం నీ దగ్గర పెట్టుకో. నేను నడుస్తాను."

అక్క దిగింది. కర్ర ఒక చేతిలో ఉంది. రెండో చేయి డాక్టరు గారి కొత్త రంగు గోడ మీద ఆనించింది. డాక్టరు కిటికీలోంచి చూసి ఏదో అనబోయి, మానేసి, తెర వేసేశాడు. అక్క నాలుగడుగులు వేసి ఆగింది. తలెత్తి ఇటూ అటూ చూసింది. "ఆ గొట్టం కారుతోందే, ముక్కుకారయ్యలా," అంది గట్టిగా. కుర్చీ గోడవైపు తిరిగాక అక్క దేనికైనా పేరు పెట్టడం అదే మొదలు. మళ్లీ నడిచింది.

చెల్లెలు కారు తలుపు పట్టుకుని నిలబడే ఉంది. కాలు నేల మీద ఉంది. నొక్కడం లేదు, ఊరికే ఉంది. అక్క వీపు చిన్నదవుతూ, నీళ్ల గొట్టం దాటి, ఆ ఒక్క మెట్టు దగ్గరికి చేరింది. కర్ర ముందు పెట్టి మెట్టెక్కింది. తలుపు తోసింది. మళ్లీ తోసింది. ఇటు తిరిగింది.

"ఏమే!" సందంతా మోగేలా అరిచింది. "అక్కడే నిలబడ్డావేంటే? తాళం నీ దగ్గరుంది కదా!"