పై మడి నీళ్లు

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు రెండు వరి మడుల మధ్య గట్టుకు పార వెడల్పు గండి కనిపించింది. పై మడి నీళ్లు కింది మడిలోకి దిగుతున్నాయి. పై మడి తమ్ముడిది. ముందు రోజు సాయంత్రం అందులో యూరియా చల్లాడు. కింది మడి అక్కది. అందులో పశువుల ఎరువు, పచ్చిరొట్టగా కలియదున్నిన జీలుగ పైరు తప్ప మరేమీ పడలేదు.

ఏ మడిలో ధాన్యం ఎక్కువ తూగితే, వచ్చే పంటకు పొలమంతా ఆ ఎరువుతోనే సాగు చేయాలని తండ్రి మాట. తూకం చూడటానికి వ్యవసాయ అధికారి ఒప్పుకున్నారు.

అక్క గండి పూడ్చి ఇంటికి వచ్చింది. తమ్ముడు గుమ్మంలో పళ్లు తోముకుంటున్నాడు.

“గట్టు ఎవడు తెంపాడు?”

“నేనే. మోటారు ఆపడం మర్చిపోయా, నీళ్లు పొర్లుతుంటే తెంపా. ఎప్పుడూ అటే కదా వదిలేది. చెయ్యి అలవాటు.”

“నీ అలవాటు తగలెయ్య. మూడు నెలలు పేడ మోసిన నడుంరా ఇది.”

“అంత మంటెందుకక్కా? నీ పైరే పచ్చబడుతుంది, నువ్వే గెలుస్తావు. నోరు మూసుకుంటే ఎవడికి తెలుస్తుంది?”

“అరువు సొమ్ములు బరువు చేటని ఊరికే అన్లేదు. నీ యూరియాతో గెలిచి, పేడ గొప్పదని చెప్పుకోమంటావా?”

“పొద్దున్నే ఏంటమ్మా ఈ గోల?” అన్నాడు తండ్రి లోపలి నుంచి.

“మీరు మాట్లాడకండి నాన్నా. వాడు అడగ్గానే పై మడి ఇచ్చేసింది మీరే.”

అధికారికి ఫోన్ చేసింది కూడా ఆమే.

ఆయన పదకొండింటికి వచ్చారు. పూడ్చిన చోటు చూశారు. రిజిస్టరులో రెండు మడులనూ కొట్టేశారు.

“ఇక పోలిక కుదరదమ్మా. మళ్లీ పెట్టాలంటే మధ్యలో కాలవ ఉండాలి. ఎవరి నీళ్లు వాళ్లకే.”

“మళ్లీనా?” అన్నాడు తండ్రి. “యూరియానే వేసేద్దాం, పీడా పోతుంది.”

“వేయనివ్వను. కాలవ నేను తవ్వుతా. ఈసారి పై మడి నాకివ్వండి.”

“పై మడి ఇచ్చేది లేదు,” అన్నాడు తమ్ముడు. “నీళ్లు ముందు అందేది దానికే.”

“విన్నారుగా నాన్నా. నాట్లప్పటి నుంచి నేను మొత్తుకునేది అదే.”

తండ్రి అధికారి వైపు తిరిగాడు. “రాయండి సార్,” అన్నాడు.

మధ్యలో కాలవ, మడుల మార్పిడి అని అధికారి కొత్త పేజీలో రాశారు. తండ్రి సంతకం చేశాడు. అక్క చేసింది. పన్నెండు నలభైకి అధికారి బయలుదేరే సమయానికి తమ్ముడు సంతకం పెట్టలేదు.