ఎవరెవరో

"ఎవరెవరో వచ్చి పడతారు," అన్నాడు బావ, కాఫీ కప్పు కింద పెడుతూ. "నాలుగంతస్తులు, నూటిరవై కొంపలు. మన పడకగదుల్లోకి తొంగి చూస్తూ బట్టలారేసుకుంటారు."

వడ్డిస్తున్న అక్క చేయి ఆగింది. చెల్లెలి వైపు మాత్రం చూడలేదు.

ఆ చెల్లెలు ఆసుపత్రిలో నర్సు. తలవంచుకుని తింటోంది. కాలనీ చివరి ఖాళీ స్థలంలో కట్టబోయే ఆ కొంపల్లో ఒకటి ఆమెది. ఆసుపత్రి ఉద్యోగులకు తీసిన డ్రాలో పేరొచ్చిందని అక్కకు మాత్రమే చెప్పింది. మొగుణ్ణి వదిలేసి కూతురితో బయటికొచ్చినప్పటి నుంచీ ఉంటున్నది బావ మేడమీది గదిలో. బావ అద్దె అడగడు. కానీ వచ్చిన ప్రతి చుట్టానికీ "పాపం, మా మరదలు" అని పరిచయం చేస్తాడు. కూతురికి ఊహ తెలుస్తోంది. ఈమధ్యే ఆ "పాపం" దానికీ వినిపిస్తోంది.

బావ కాలనీ సంఘం అధ్యక్షుడు. ఆ ఇళ్ళను ఆపడానికి ఇవాళ ఆఖరి అవకాశం. స్థలం మధ్య నుంచి ఒక పెద్ద బెలూన్‌ను, కట్టబోయే భవనం ఎంత ఎత్తుంటుందో అంత ఎత్తుకు ఎగరేస్తారు. అనుమతులిచ్చే అధికారి కాలనీ ఇళ్ళలోంచి చూసి తేలుస్తాడు. తాడు కూడా ఆయన పంపిందే. ఎత్తు కొలిచి ఒకచోట ఎర్రగుడ్డ కట్టాడు. గుడ్డ నేలను తాకేదాకా తాడు వదలాలి.

"తాడు నువ్వు పట్టుకో," అన్నాడు బావ. "వాచ్‌మన్ నోట్లో నువ్వుగింజ నానదు. నువ్వంటే ఇంటి మనిషివి."

"నాకు డ్యూటీ ఉంది బావా."

"రాత్రికి కదా! ఈ మాత్రం దానికి ముహూర్తం పెట్టించాలా?"

ఇంటి మనిషన్న మాట ఎందుకన్నాడో స్థలంలోకి వెళ్ళాక తెలిసింది. చెవి దగ్గర ఫోన్లో బావ గొంతు తగ్గించి చెప్పాడు: "గుడ్డ విప్పెయ్. ఇంకో నాలుగు బారల తాడు వదిలి, అక్కడ కట్టు."

"మోసం కదా బావా?"

"ముందుజాగ్రత్త. ఇవాళ నాలుగంటారు, రేపు ఆరు లేపుతారు. కట్టు."

కట్టు విప్పేముందు చోటు గుర్తుపెట్టుకోవడం ఆమెకు ఆసుపత్రి నేర్పిన అలవాటు. బ్యాగులోంచి ప్లాస్టర్ ముక్క చింపి, గుడ్డ ఉన్నచోట తాడుకు అంటించింది. తర్వాత బావ చెప్పినట్టే చేసింది.

బెలూన్ లేచింది. బావ ఇంటి కప్పును దాటి ఇంకా పైకి పోయింది.

"అమ్మో, అంతెత్తా!" అంది ఎదురింటి బాల్కనీ.

"మీకేం భయం వదినా, మీ ఆయన బనీన్లు తప్ప ఏం కనిపిస్తాయి వాళ్ళకి!" అంది పక్క బాల్కనీ. నవ్వులు.

అధికారి కారు దిగాడు. బావ ఆయన్ని స్థలం వైపు అడుగు వేయనివ్వలేదు, చేయి పట్టుకుని తిన్నగా ఇంట్లోకి తీసుకెళ్ళాడు. ఫోన్ కట్ చెయ్యలేదు. నర్సుకు మెట్ల చప్పుడు వినిపిస్తోంది.

"ఏవండీ, బాల్కనీలోంచి చూస్తే చాలదూ?" అక్క గొంతులో కంగారు.

"నువ్వూరుకో. పైనుంచి చూస్తేనే తెలుస్తుంది."

తలుపు కిర్రుమంది. ఆ కిర్రు తన గదిది. నర్సు తలెత్తింది. తన కిటికీలో రెండు తలలు.

కాలనీ ఇళ్ళకు మూడంతస్తులకే అనుమతి. కానీ ప్రతి మేడ మీదా ఇలాంటి గది ఒకటుంది. అందరికీ ఉంది కాబట్టి, అది తప్పన్న సంగతే అందరూ మరిచిపోయారు. బావ కూడా.

"చూశారా సార్, ఇక్కణ్ణుంచి కూడా తలెత్తి చూడాల్సొస్తోంది!"

అధికారి ఫోన్ అందుకున్నాడు. "అమ్మా, ఎర్రగుడ్డ నేలకు తగిలిందా?"

ఆమె నేలమీది గుడ్డ వైపు చూసింది. తగిలిందంటే చాలు. రాబోయే ఇల్లు పోతుంది, ఉన్న గది మిగులుతుంది. నిజం చెబితే బెలూన్ సరిగ్గా ఆ కిటికీ ముందుకు దిగుతుంది, ఆ గదీ నాలుగో అంతస్తేనని తేలిపోతుంది. కొత్త ఇల్లు లేచేదాకా తలదాచుకునే చోటుండదు.

"చెప్పమ్మా," వెనక నుంచి బావ. "మా మరదలేనండీ. పాపం..."

"తగిలింది సార్," అంది నర్సు. "కానీ గుడ్డ మీరు కట్టిన చోట లేదు. నేనే విప్పి మార్చాను. ఉండండి, దింపుతాను."

రెండు చేతులా తాడు లాగింది. అరచేతులు మండాయి. ప్లాస్టర్ ముక్క నేలను తాకేసరికి బెలూన్ కిటికీ ఎదుట ఊగుతోంది. బాల్కనీల్లో నవ్వులు ఆగాయి.

"నాలుగో అంతస్తు నా ముక్కుకు సూటిగా ఉందే," అధికారి గొంతు. "మరి నేను నిలబడింది ఎన్నో అంతస్తులో?"

"మావి మూడే సార్," అన్నాడు బావ టక్కున.

ఆ తర్వాత ఫోన్లో మెట్లు దిగే చప్పుడు వినిపించింది.

అధికారి వెళుతూ వెళుతూ గేటు దగ్గరే చెప్పేశాడు. ఆ ఇళ్ళకు అభ్యంతరం లేదు. ఈ గది నెలలోగా తీసెయ్యాలి. మిగతా మేడలు కూడా చూస్తారు. ఆ చివరి మాటతో చుట్టుపక్కల తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి.

నర్సు తాడు చుట్టుకుని వచ్చేసరికి అక్క గేటుకు అడ్డంగా నిలబడి ఉంది.

"నీ గూడు నువ్వే పీక్కున్నావు కదే! ఆ ఇళ్ళు లేచేదాకా పిల్లనెక్కడ పెడతావు?"

"తెలీదక్కా."

"నాకొక్క మాట చెప్పుంటే..."

"చెబితే ఏం చేసేదానివి?"

అక్క వెనక బావ వచ్చి నిలబడ్డాడు. కేకలు వేస్తాడనుకుంది నర్సు. వేస్తే బాగుండేది.

"బావా, ఈ తాడు..."

అతను ఆమె తల మీదుగా వాచ్‌మన్ వైపు చూశాడు.

"ఎవరో తాడు తెచ్చినట్టున్నారు. తీసుకుని గేటు వెయ్."

వీధి చివర కూతురి స్కూలు బస్సు హారన్ మోగింది.