ముందు అక్కగారు

చిన్నతనం దాటినప్పటి నుంచి కలోలైని, ఆమె తమ్ముడు పెనిసిమాని ఒక కప్పు కింద కూర్చోలేదు. వాళ్ల మధ్య తగువేమీ లేదు. అక్క వస్తే తమ్ముడు లేచి వెళ్తాడు. ఒకరి ఒంటి సంగతి ఇంకొకరు వినేచోట ఎవరూ ఎత్తరు. వాళ్ల దీవిలో ఏ ఇంటి అక్కాతమ్ముళ్లైనా అంతే. దాన్ని గౌరవం అంటారు. ఆ గౌరవం తనకు బరువని కలోలైని ఏనాడూ అనుకోలేదు, తమ్ముడి కాలికి పుండు పడేదాకా.

పుండు సంగతి కూడా తమ్ముడి భార్య సేని చాటుగా చెప్పిందే.

"చక్కెర జబ్బు వదినా. పుండు మానట్లేదు, ఎవరికీ చూపించడు. డాక్టరు పేరెత్తితే చాలు, పెండలం తోటలోకి పోయి కూర్చుంటాడు. మావయ్యగారికి మోకాలి దాకా తీసేశారు కదా, అదే కళ్లలో మెదులుతుంది కాబోలు."

కలోలైని ఆడపడుచు. తమ్ముడి ఇంట్లో పెళ్లికైనా చావుకైనా ఆమెదే పైమాట. అతని కొడుకులకు పేర్లు పెట్టింది ఆమే. గుంటపొయ్యిలో పంది కాలిస్తే మంచి ముక్క ముందు ఆమె ఇంటికే వస్తుంది. ఇంత అధికారం ఉండీ, "నీ కాలు చూపించరా" అన్న ఒక్క మాట మాత్రం ఆమె నోట రాకూడదు.

అందుకే చర్చి సంఘాల మధ్య బరువు తగ్గే పోటీ అనగానే ఊరి జట్టుకి ఆమే పూనుకుంది. ఎవరు ఎంత తగ్గారన్నది కాదు, జట్టంతా కలిసి ఎంత తగ్గిందన్నదే లెక్క. మగవాళ్ల వైపు ఆమె చెప్పనక్కర్లేకుండానే మాట పాకింది. మగవాళ్లు చేరి కావా వేరు పిసికిన నీళ్లు తాగే చోట స్నేహితులు పెనిసిమానిని పట్టుకున్నారు.

"ఒరే పెనీ, నువ్వెక్కితే పడవ కాదు, దీవే ఓ పక్కకి ఒరుగుతుంది. నువ్వు రాకపోతే మేమెంత తగ్గీ దండగే!"

"మీ అందరి బుర్రల్లో ఉన్నది కలిపి తూచినా నా చిటికెనవేలంత ఉండదు," అన్నాడట. కాని మర్నాడు తెల్లవారుజామున వాళ్లతో పాటు నడకకి వెళ్లాడు. భార్య ఏడ్చినా కదలని మనిషి ఎగతాళికి కదిలాడు.

మగవాళ్లని ఒక రోజు, ఆడవాళ్లని ఇంకో రోజు తూచేవారు. తమ్ముడి బరువు కలోలైని అడగలేదు, అడగకూడదు. సేని మాత్రం గిన్నె ఇవ్వడానికి వచ్చినట్టు వచ్చి, "చర్చికి వెళ్లేటప్పుడు ఆయన నడుముకి కట్టే చాప ముడి ఇంకాస్త లోపలికి జరిగింది వదినా," అనేది. ఆ రాత్రి కలోలైనికి నిద్ర పట్టేది. కొవ్వు మాంసం, కొబ్బరిపాలు పోసి కాల్చిన చేమాకు పొట్లాలు ఆమె కూడా మానేసింది. తను వదిలిన ప్రతి ముద్దా ఎక్కడో అతని కాలికి మందవుతోందని ఆమెకొక పిచ్చి నమ్మకం. పిచ్చిదని తెలుసు. అయినా, తెలిసినంత మాత్రాన నమ్మకం పోతుందా?

ఆఖరి తూకానికి పెద్ద దీవి నుంచి డాక్టరు త్రాసు పట్టుకుని వస్తాడు. జట్టులో ఏ ఒక్కరు తూగకపోయినా జట్టు మొత్తం పోయినట్టే. తూగినవాళ్లకి పక్కగదిలో కాళ్లు పరీక్ష చేస్తాడు. "త్రాసు దిగాక చూపిస్తాలే," అన్నాడు పెనిసిమాని, స్నేహితులందరి ముందు. అలా అన్నాక వెనక్కి పోలేడు. డాక్టరు ఉండేది ఒక్క పూటే కనుక జట్టువాళ్లు కూడబలుక్కున్నారు: మగవాళ్లు ముందు. పెనిసిమాని తూగి, పక్కగదిలో కాలు చూపించుకుని వెళ్లిపోయాక ఆడవాళ్లు.

ఆ రోజు వాన. పడవ ఆలస్యమైంది. కలోలైని రోడ్డుకి ఇవతల బడి వరండాలో ఆడవాళ్లతో కూర్చుంది. చర్చి హాల్లో మగవాళ్ల నవ్వులు మైకులోంచి వినిపిస్తున్నాయి. "ఆ చాప విప్పరా, దానిదే రెండు కిలోలు!" ఆమె కూడా నవ్వింది.

అప్పుడు సంఘ పెద్ద తానియేలా మైకు తీసుకున్నాడు. మంచివాడు, మర్యాద తెలిసినవాడు.

"తర్వాత పెనిసిమాని పేరుంది. కాని ఈ జట్టు నిలబెట్టింది వాళ్ల అక్కగారు. అక్కని కూర్చోబెట్టి తమ్ముణ్ణి పిలవడం మన పద్ధతి కాదు. ముందు అక్కగారు!"

చప్పట్లు. పక్కనున్న ఆడవాళ్లు ఆమెని లేవదీశారు. "లే మహారాణీ, మైకులో పిలుస్తుంటే బెట్టేమిటి?"

వెళ్లకపోతే? ఊరంతా వినేలా పిలిచిన పెద్దకి అవమానం, తమ్ముడికి తలవంపు. నోరు విప్పి "వద్దు, వాడే ముందు" అంటే ఎందుకో చెప్పాలి. ఆలోచన తెగలేదు, కాళ్లు రోడ్డు దాటేశాయి. ముందు గుమ్మంలో ఆమె అడుగు పెట్టేసరికి వెనక గుమ్మంలోంచి ఒక వెడల్పాటి వీపు, నడుముకి చాప, కుంటుతూ వానలోకి పోవడం కనిపించింది. అతను చేయవలసిందే చేశాడు. చేయకపోతే సిగ్గుపడేది తనే. అది కూడా ఆమెకి తెలుసు.

నర్సు మైకులో అంకె చదివింది. అది కొబ్బరి తోట దాకా మోగింది. అందరికంటే ఆమే ఎక్కువ తగ్గింది. ఈ అంకె చెవిన పడకుండా అతను పుండు కాలితో అడుగు జోరు పెంచి ఉంటాడు.

తర్వాత పెనిసిమాని పేరు పిలిచారు. మళ్లీ పిలిచారు. ఎవరో నవ్వారు. సేని పరుగున వెళ్లి, తడిసి తిరిగొచ్చింది. "రానంటున్నాడు వదినా. అక్క ఒంటి లెక్క నలుగురిలో చదివిన చోట మళ్లీ ఏ మొహంతో నిలబడను అంటున్నాడు. డాక్టరుని ఇంటికి తెస్తానంటే తోటలోకి పోతానన్నాడు." డాక్టరు త్రాసు గోనెలో చుట్టుకుని పడవెక్కాడు.

సాయంత్రం ఆమె తమ్ముడి ఇంటికి వెళ్లింది. ఎందుకు వెళ్తోందో తనకే తెలియదు. ఆడపడుచు వచ్చిందని కొత్త చాప పరిచారు. పెనిసిమాని లోపలి గదిలోకి తప్పుకున్నాడు. మధ్యలో పలకల గోడ. కాసేపటికి సేని అరిటాకు మీద కాల్చిన పంది మాంసం, పెండలం తెచ్చి పెట్టింది.

"ఆయనే కోసి పంపించాడు. అక్కని తినమన్నాడు."

"ఎలా ఉన్నాడో అడుగు," అంది కలోలైని.

సేని లోపలికి వెళ్లి వచ్చింది. "బాగానే ఉన్నాడట. మీరు తినండి వదినా."

పొగ వాసన కింద, పలకల సందుల్లోంచి ఇంకో వాసన వస్తోంది. తీపిగా, కుళ్లినట్టు. నాన్న గదిలో వచ్చిన వాసనే. చిన్నప్పుడు తమ్ముడికి పగడపు రాయి ముక్క దిగితే ఆ కాలిని ఒళ్లో పెట్టుకుని ముల్లుతో తీసింది తనే. అవే వేళ్లు ఇప్పుడు అరిటాకు అంచుని చీలుస్తున్నాయి. మధ్యలో ఉన్నది పలకలే. ఒక్క మాట. అన్నా ఎవరూ ఆమెని కొట్టరు, వెలేయరు. నోరు తెరిచింది.

"పెండలం బాగా ఉడికింది," అంది గోడతో.

అవతల అతను దగ్గాడు. విన్నానని.

ఆమె మాంసం ముక్క తీసుకుని తినడం మొదలుపెట్టింది.