దండ వేసిన గ్యాసు డబ్బా

నర్మద భర్త అనంత్ రావుకు పెళ్లిరోజు గుర్తుండదు. భార్యకు జ్వరం వస్తే నాలుగో రోజు గమనిస్తాడు. అలాంటి మనిషి బొంబాయి నుంచి పార్సిల్‌లో వచ్చిన ఒక డబ్బాను మాత్రం పొద్దున్నే మెత్తటి గుడ్డతో తుడుస్తాడు. 'ఈ జన్మకు భార్యగా పుట్టాను, వచ్చే జన్మకు డబ్బాగా పుడతాను' అనుకునేది నర్మద.

సొంతూరు రుద్రంగిలో అన్నల, అంటే నక్సలైట్ల, తాకిడి పెరిగాక వాళ్లు కోరుట్లకు వచ్చి సోడా ఫ్యాక్టరీ పెట్టారు. అక్కడ దొర, ఇక్కడ సేటు; ఆయన రెండింటికీ పలుకుతాడు. సోడాకు బుస్సుమనే గుణమిచ్చే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు ఏడు మెట్లు దిగాల్సిన కింది గదిలో ఉంటాయి. ఆ గ్యాసు లీకైతే కంటికి కనపడదు, వాసన రాదు, మనిషిని మాత్రం పడేస్తుంది. అందుకే పనివాళ్ల కోసం ఆ డబ్బా తెప్పించాడు. గుప్పెడంత ఉంటుంది. గ్యాసు ఎక్కువైతే కూత పెడుతుంది. పార్సిల్ విడిపించుకుని వస్తుంటే జగిత్యాల బస్టాండులో పోలీసులు దాన్ని వైర్‌లెస్ సెట్టనుకుని ఆయన్ను గంటసేపు కూర్చోబెట్టారు. ఆ సంగతి కూడా ఆయన గొప్పగానే చెప్పుకున్నాడు.

దసరాకు మిషన్లతో పాటు డబ్బాకూ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశారు. పూజయ్యాక కింది గదిలో ఎక్కడ పెట్టాలన్న మాట వచ్చింది.

"పూజ జేసినదాన్ని కాళ్ల కాడ పెడ్తమా?" అని అనంత్ రావు లక్ష్మీదేవి పటం పక్కన, చెయ్యెత్తితే అందే ఎత్తులో మేకుకు తగిలించాడు.

పది రోజులు తిరక్కుండానే, సిలిండర్ల పైపులు బిగించే పోశం ఆ గదిలో కూలబడ్డాడు. పక్కనున్న పనివాళ్లు పైకి మోసుకొచ్చాక వాంతి చేసుకుని తేరుకున్నాడు. డబ్బా మాత్రం కిక్కురుమనలేదు.

"డబ్బా సప్పుడు జెయ్యలేదంటే గ్యాసు లేదు. గ్యాసు లేదంటే సారా ఉన్నది," అని తీర్పు చెప్పేశాడు అనంత్ రావు. పోశాన్ని పనికి రావద్దన్నాడు.

మర్నాడు పోశం భార్య గంగవ్వ నర్మద ముందు కూర్చుంది.

"అమ్మా, మా ఊళ్లె అన్నలు సారా బంద్ వెట్టి నాలుగేండ్లాయె. నా పెనిమిటికి తాగబుద్ధయినా పోసేటోడేడి? గింతకు ముంగట గూడ తల తిరుగుతుందన్నడు. నిలవడ్డోల్లకు ఏం గాలేదు. నేల మీద కూసోని పైపు బిగించినోడే పడ్డడు."

ఆ చివరి మాట దగ్గర నర్మద చెవులు నిక్కబొడుచుకున్నాయి. తను కరీంనగర్ కాలేజీలో బీయస్సీ చదివేటప్పుడు లెక్చరర్ ఖాళీగా కనిపించే గ్లాసును కొవ్వొత్తి మీద వంచితే దీపం ఆరిపోయింది. అందులో ఉన్నది ఈ గ్యాసే, గాలికన్నా బరువు. నీళ్లలా కిందికే చేరుతుంది.

టిఫిన్ బాక్సు ఇచ్చే వంకతో ఆమె ఫ్యాక్టరీకి వెళ్లింది. బతిమాలుకుందామని పోశం అప్పటికే గేటు దగ్గరున్నాడు.

"ఏమండి, మీ డబ్బా జర ఇయ్యుండ్రి."

"నీకెందుకది?"

"దాని మొకం సూద్దామని. ఇంట్ల దాని ముచ్చటనే గదా నడిచేది."

పనివాళ్లు నోరు మూసుకుని నవ్వారు. అనంత్ రావు గబగబా దిగి తెచ్చాడు. ఆరడుగుల మనిషి, ముక్కు గ్యాసు మీదే తేలింది కాబట్టి ఏమీ కాలేదు. నర్మద దండ తీసేసి, డబ్బాకు తన సంచిలోంచి తీసిన లంగా నాడా కట్టింది.

"అయ్యో, దానికి నాడా కడ్తవా!"

"మీరు దండేసిండ్రు, నేను నాడా కట్టిన. దానికి రెండూ ఒక్కటే."

మెట్ల పైనే నిలబడి, పక్క నుంచి మెల్లగా కిందికి వదిలింది. లక్ష్మీదేవి పటం ఎత్తు దాటింది, చప్పుడు లేదు. నడుమెత్తుకు వచ్చింది, లేదు. మోకాలెత్తుకు దిగగానే కూత మొదలైంది. నేలకు తాకేసరికి ఫ్యాక్టరీ మొత్తం చెవులు మూసుకుంది.

"బ్యాటరీ ఖరాబైనట్టుంది," అన్నాడు అనంత్ రావు.

నర్మద డబ్బాను పైకి లాగింది. కూత ఆగింది. మళ్లీ వదిలింది. మళ్లీ అరిచింది. మూడోసారి వదలబోతే ఆయనే చెయ్యి అడ్డం పెట్టాడు. గది ఖాళీగా ఉంచి, తలుపులన్నీ తెరిచి, ఫ్యాన్లు పెట్టమని కేకేశాడు. తర్వాత గేటు వైపు నడిచి, అందరికీ వినపడేలా అన్నాడు:

"పోశం, నువ్వు తాగలే. నాదే తప్పు."