ఎల్లన్న కూర్చోబెట్టిన ఊరు

బొగ్గు కోసం తవ్వే ఓసీపీ గొయ్యి మా చేను ఒడ్డుదాకా వచ్చింది. ఇంకొక్కసారి మందు పేలిస్తే చేను కూలి గొయ్యిలో పడుతుంది. చేను పోతే పోనీ అని ఎప్పుడో గుండె రాయి చేసుకున్నాను. కానీ ఆ గట్టున మా సహస్ర ఉంది. ఏడో తరగతిలో జ్వరమొచ్చి పోయిన పిల్ల. పెళ్ళికాని పిల్లని కాల్చకుండా అక్కడే పూడ్చాం. కంపెనీవాళ్ళు చేనుకు ధర కట్టారు, బోరుకు ధర కట్టారు, సమాధిని మాత్రం వేరేచోటికి మార్చుకోండి అన్నారు. ఏం మార్చుకోవాలి? ఇన్నేళ్ళకు మట్టిలో కలిసిపోయిన పిల్లని తట్టలో ఎత్తుకుపోవాలా?

మా ఆయన ఎల్లన్న ఆ కంపెనీలోనే చేసి రిటైరయ్యాడు. మందు పేల్చే ముందు సైరన్ మోగగానే ఎర్రజెండా ఊపుతూ చుట్టుపక్కల మనుషుల్ని, గొర్రెల్ని దూరం తోలడం ఆయన డ్యూటీ. అందుకే ఆయనకు ఆ ఉపాయం తట్టింది. దగ్గర్లో మనిషి ఉంటే మందు పేల్చరు, కాబట్టి ఊరంతా వచ్చి మా చేన్లో కూర్చుంటే చాలన్నాడు.

పక్కింటి భూపాల్‌కు అది నచ్చలేదు.

"ఉత్తగ కూసుంటే ఏమైతది కాకా? డంపర్ల అద్దాలు పలగ్గొడితె గని దిగిరారు."

"మనం రాయి లేపితే వాళ్ళు లాఠీ లేపుతరు. తెల్లోళ్ళను గిట్ల కూసుండే ఎల్లగొట్టిండ్రు బిడ్డా."

"తెల్లోనికి మనతోని పనుండె. మనం చేతులు ముడుచుకుంటే ఆని బండి ఆగిపాయె. వీళ్ళకు మన భూమితోనే పని. మనం లేకుంటేనే వీళ్ళకు మంచిగుంటది."

భూపాల్ మాటే నిజమని నాకు తెలుసు. అయినా వెళ్ళి కూర్చున్నాను. నా బిడ్డ పక్కన కూర్చోవడానికి నాకు గెలుపోటములతో పనేముంది?

నమ్మరు గానీ, ఆ ఉపాయం పనిచేసింది. రోజూ మధ్యాహ్నం ఆఫీసర్ వచ్చేవాడు, బతిమాలేవాడు, బెదిరించేవాడు, ముఖం మాడ్చుకుని వెళ్ళేవాడు. మందు పేలేది కాదు. ఎదురింటి ఐలవ్వ అందరికీ మక్కరొట్టెలు పంచేది. మా ఆయన మీసం మెలేసుకుని ఊళ్ళో పెళ్ళికొడుకులా తిరిగాడు. నేనూ మురిసిపోయాను, దాచడమెందుకు.

ఆ రోజు ఆఫీసర్ పోలీసులను వెంటబెట్టుకొచ్చాడు, బతిమాలలేదు. జీపు దిగకుండానే గొయ్యి వైపు చెయ్యి ఊపాడు. సైరన్ మోగింది. మా ఆయన పాత డ్యూటీ సంగతి తెలిసే మోగించాడో, విసుగొచ్చి మోగించాడో నాకిప్పటికీ తెలియదు.

మేమెవరం కదల్లేదు. మా ఆయన ఒక్కడే దిగ్గున లేచాడు. భుజం మీది తువ్వాల తీసి గాల్లో ఊపుతూ చేనంతా ఉరికాడు.

"లేవుండ్రి, లేవుండ్రి. జల్ది నడువుండ్రి. వెనుకకు సూడకుండ్రి."

ముసలివాళ్ళను రెక్క పట్టి లేపాడు. కూర్చోమన్నవాడే లెమ్మంటున్నాడంటే ఏదో ముంచుకొచ్చిందనుకున్నారు జనం. ఐలవ్వ ఉరికింది, భూపాల్ ఉరికాడు, నేనూ ఉరికాను. మేం దాటగానే పోలీసులు మా వెనక తాడు కట్టేశారు.

చాలా దూరం వచ్చాక మా ఆయన ఆగి, డ్యూటీలో రోజూ అడిగినట్టే గట్టిగా అడిగాడు.

"అందరొచ్చిండ్రా? ఆడ ఎవ్వలన్న మిగిలిండ్రా?"

జనం ఒకరినొకరు చూసుకున్నారు. అందరూ ఉన్నారు.

"సహస్ర మిగిలింది," అన్నాను.

ఊపుతున్న చెయ్యి అట్లాగే ఆగిపోయింది. తనేం చేశాడో ఆయనకు అప్పుడు తెలిసింది. వెనక్కి తిరిగి తాడు వైపు పరుగెత్తబోయాడు. అప్పటికే మా కాళ్ళ కింద నేల అదిరింది.