చెప్పుల దగ్గర చోటు

మా అత్తమ్మ ప్రేమకుమారిగారి వినయం మడివాళ తెలుగు సంఘమంతటికీ తెలుసు. హార్డ్‌వేర్ షాపు పైన అద్దె హాలే మా చర్చి. ఇరవై రెండేళ్లుగా ఆవిడ పైకి రాకుండా, కింద మెట్ల దగ్గర స్టూలు వేసుకుని అందరి చెప్పులకూ కాపలా ఉంటుంది. పాస్టరు యోహానుగారు ఏటా ఒక్క ప్రసంగంలోనైనా ఆవిడ తగ్గింపును పొగుడుతారు. నాకు మాత్రం ఒళ్లు మండేది. ఆ అరిగిపోయిన చెప్పుల్ని ఎత్తుకెళ్లే దొంగే ఉంటే వాడికి మనమే కానుక పట్టాలి. ఇదంతా పొగడ్తల కోసం ఆడే నాటకమని, కోడలిగా వచ్చిన ఈ పద్నాలుగేళ్లుగా నమ్ముతూ వచ్చాను.

మా ఏంజెల్‌కి తొమ్మిదేళ్లు. డ్రమ్ము మోగితే చెవులు మూసుకుంటుంది. గౌను మెడ దగ్గర లేబుల్ గుచ్చుకుంటోందని ఏడుస్తుంది. టీచరు పక్కపిల్లను తిడితే ఇంటికొచ్చి తను అన్నం మానేస్తుంది. సంఘంలో ఒకావిడ నులిపురుగులంది, ఇంకొకావిడ ఫోనంది. మా ఆయన జోయెల్ "గారాబం" అని తేల్చేశాడు, ఆ గారాబం చేసింది తనే అయినా. మొదట్లో నేనూ వేషాలే అనుకున్నాను.

యోహానుగారు అందరినీ మించిపోయి "భయపు ఆత్మ" అన్నారు. దానికి వైద్యం ఏమిటంటే పిల్లను స్పీకరు పక్కన నిలబెట్టి, డ్రమ్ముతో సహా సంఘమంతా కేకలు వేసి ప్రార్థించడం. శబ్దం పడని పిల్లకి శబ్దంతోనే మందు! పిల్ల కీబోర్డు వైర్ల మీద వాంతి చేసుకుంది. "వెళ్లిపోయింది!" అని ఆయన మైకులో అరిచారు. వెళ్లిందేమో గానీ, సోమవారం నేను మిక్సీ వేయగానే తిరిగొచ్చింది. అయితే వచ్చే ఆదివారం ఇంకో స్పీకరు కూడా పెడదామన్నారు. వెనకటికి ఒకడు పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట.

ఆ వారమంతా పిల్ల బడికి వెళ్తూ ఒకటే అడిగేది: "అమ్మా, ఆదివారం మళ్లీ నన్ను ముందుకి పిలుస్తారా?"

గురువారం స్కూలు కౌన్సెలర్ ఫర్హానా నన్ను పిలిపించింది. తెలుగావిడే.

"ఇది జబ్బు కాదండీ, స్వభావం. హైలీ సెన్సిటివ్ అంటాం. కొందరికి శబ్దం, వెలుతురు, ఎదుటివాళ్ల బాధ మిగతావాళ్లకంటే ఎక్కువ తగుల్తాయి. మాన్పించడానికేం లేదు. తట్టుకోలేనప్పుడు పక్కకెళ్లి కూర్చోడానికి చోటివ్వండి. నీ బాధ నిజమే అని చెప్పే మనిషి ఒక్కరుంటే చాలు, పిల్ల కుదుటపడుతుంది."

ఇంట్లో ఆ మాటే చెప్పాను. జోయెల్ నవ్వాడు. "సెన్సిటివ్ అంట! మా నాయన బెల్టుతో రెండిచ్చేవాడు, మాకు ఏ సెన్సిటివూ లేదు కరుణా." బెల్టు పెంచిన బుద్ధిమంతుడు అలా అంటూనే పప్పు జుర్రుకున్నాడు. అత్తమ్మ మాత్రం, "ఆ టీచరమ్మ ఏమనిందో ఇంగోసారి చెప్పు" అని మొత్తం మళ్లీ చెప్పించుకుంది. చాదస్తం అనుకున్నాను.

ఆదివారం వచ్చింది. రెండో స్పీకరూ వచ్చింది. "వద్దండీ" అనే ఒక్క మాట వారమంతా సాధన చేశాను. తీరా యోహానుగారు "ఏంజెల్ తల్లీ, ముందుకి రా" అనగానే ఎనభై తలలు నా వైపు తిరిగాయి. నేను ఒళ్లో బైబిలు తెరిచి పేజీలు తిప్పసాగాను. పిల్ల నా మొహంలోకి ఒకసారి చూసి, లేచి నడిచింది. నేనేదో పెద్ద ధైర్యవంతురాలినని ఇంతసేపూ అందరినీ ఎగతాళి చేస్తున్నాను.

ఆ మైకు మెట్ల కిందికే కాదు, సిల్క్ బోర్డు జంక్షన్ దాకా వినిపించి ఉంటుంది. అత్తమ్మ మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి లోపలికొచ్చింది. ఆవిడ ఆ హాల్లో అడుగుపెట్టడం నేను చూడటం అదే మొదలు.

"అయ్యగారూ, పిల్లను నాకియ్యండి."

"ప్రార్థన అయ్యాక తీసుకెళ్దురు గానీ అమ్మగారూ."

"ఏమప్పా, ఇన్నేండ్లు నేను చెప్పులు కాసేది వినయమనుకొంటివా? ఈ డ్రమ్ము కొడితే నా తల పగిలిపోతాది, కడుపులో తిప్పుతాది. అందుకే కింద కూర్చుంటా ఉండా. దీనికి ఉండేదే నాకూ ఉండాది. నన్నూ ఆ స్పీకరుకాడ నిలబెట్టు. లేదా, ఇన్నేండ్లు నువ్వు పొగిడింది ఏ ఆత్మనో ఇప్పుడే చెప్పు."

యోహానుగారు మైకు వైపు చూసుకున్నారు. అది ఆన్‌లోనే ఉంది. ఆవిడ పిల్ల చెయ్యి పట్టుకుని దిగిపోయింది.

నేను వెనకే పరుగెత్తాను. అప్పటికే ఏంజెల్ స్టూలు మీద కూర్చుంది. అత్తమ్మ పర్సులోంచి దూది తీసి, సగం చించి పిల్ల చెవుల్లో పెడుతోంది. ఆదివారాలు ఆవిడ చెవుల్లో కనిపించే దూది చెవిపోటుకని ఇన్నాళ్లూ అనుకున్నాను.

"నాకైనా చెప్పలేదేం అత్తమ్మా?" అన్నాను.

ఆవిడ తలెత్తలేదు. "పోయిన నెల ఇది చెవులు మూసుకొంటే వేషాలెయ్యొద్దని మెట్లకాడ గిల్లితివి కదమ్మా. నేను చూస్తానే ఉంటిని. నీకెట్ల చెప్పేది?"

పైన డ్రమ్ము మొదలైంది. ఏంజెల్ కొంచెం పక్కకు జరిగి వాళ్ల నానమ్మకు స్టూలు మీద చోటిచ్చింది. నేను నిలబడే ఉన్నాను.