తొక్కకపోవడమే మందట!

నేను ఒక కుట్టుమిషన్ని, కాలితో తొక్కే పాత రకాన్ని. ఎక్కడో కొలిమిలో పోతపోసి, లారీలో తెనాలికి తోలారు. మొదట ఒక టైలరు మాస్టారు దగ్గర చొక్కాలు కుట్టాను. ఆయన చూపు మందగించాక, చర్చి సందులో జాకెట్లు కుట్టే సువార్తమ్మ ఇంటికి చేరాను. మనుషుల ముఖాలు నాకు అంతగా తెలియవు, తెలిసిందల్లా వాళ్ళ కాళ్ళే. సువార్తమ్మది భలే కాలు!

ఆవిడకు షుగరు. ఇన్సులిన్ సూది అంటే విసుగు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళే ముందు మాత్రం అన్నం మానేసి, సూది వేళకు పొడుచుకునేది. పరగడుపు పరీక్ష బాగా వచ్చిందని మురిసిపోయేది. ఎవరిని మోసం చేసినట్టో మరి!

క్రిస్మస్ గౌన్ల హడావిడిలో ఉన్నట్టుండి ఆవిడ కుడి తొడ బిగుసుకుపోయింది. దెబ్బ తగల్లేదు, జ్వరం లేదు. వాచి రాయిలా గట్టిపడింది.

"పట్టేసిందంతే. తొక్కితే అదే వదులుద్ది," అని నన్ను మరింత గట్టిగా తొక్కింది. భర్త ఏసుపాదం ఆముదం రాసి పిసికాడు, ఉప్పు మూట కాచి కాపడం పెట్టాడు. "కాస్త ఓర్చుకోవే, నీ మంచికేగా!" అనేవాడు. ఆవిడ కేకలు నా ఇనుములో ఇప్పటికీ ఉన్నాయి.

చివరికి ఆసుపత్రికి వెళ్ళి స్కానింగు తీయించుకొచ్చారు. షుగరు ఏళ్ళ తరబడి అదుపు తప్పి, నెత్తురు అందక తొడ కండ కొంత చచ్చిపోయిందట. అరుదైన జబ్బట. కోత అక్కర్లేదుగానీ పిసక్కూడదు, కాపడం పెట్టకూడదు, కాలు కదపకూడదు. నొప్పికి మాత్రలు, ఇన్సులిన్ మాత్రం ఒక్క పూటా తప్పకూడదు. లేకపోతే రెండో కాలికీ వస్తుందని, వేసుకున్నా రాదన్న హామీ లేదని డాక్టరమ్మ గట్టిగా చెప్పిందట.

"మళ్ళీ మిషను తొక్కగలనంటారా, ఏవండీ?" అని ఆవిడ అడిగితే ఏసుపాదం దుప్పటి తెచ్చి నా మీద కప్పాడు.

వారాల తరబడి ఆ దుప్పటి కిందే ఉన్నాను. మంచం మీద కునుకు పట్టినప్పుడు ఆవిడ పాదం తనంతట తనే తొక్కుతున్నట్టు కదిలేది. నాకు దుఃఖం వచ్చేది.

వాపు తీసింది. సూది ఒక్క పూటా తప్పకుండా వేసుకుంది. డాక్టరమ్మ సరేనన్నాక, ఒక ఉదయం దుప్పటి తీసి నా ముందు కూర్చుంది. రెండు పాదాలూ పెట్టింది. చక్రం అందుకుంది, సూది పరుగు తీసింది. ఏసుపాదం గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు.

అంతలో ఆవిడ "అమ్మా!" అంది. ఈసారి ఎడమ తొడ.

ఏసుపాదం పరుగున వచ్చి చేతులు చాచాడు.

"ముట్టుకోమాకండి! ఆటో పిలవండి!"

అతని చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఆవిడ పాదాలు రెండూ తీసేసింది. నా చక్రం మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. ఆపుకోవడం నా వల్ల కాలేదు.